గుణింతం లేని నాలుగక్షరాలు

కుండ మూత తీసినప్పుడల్లా ఆవిరి గుప్పున లేచి, ఉడికిన శనగల వాసన ఆ నాలుగు బల్లల దుకాణమంతా కమ్ముకుంటోంది, ఆ వాసనకి రూమియా ముక్కుపుటాలు వాటంతటవే విచ్చుకుంటున్నాయి, జీలకర్ర ఒక చిటికెడు ఎక్కువే వేశాడు దుకాణంవాడు, పర్లేదు, చేతికి పిరికితనం లేని మనిషే, అనుకుంది. ఒంటిగంటకి బస్సు. అక్కో నుంచి తన ఊరు రోష్ హాయిన్‌కి మూడు గంటల ప్రయాణం, మధ్యలో ఒకచోట దిగి మారాలి. ఈలోగా ఇదిగో ఈ తిండి ఉంది, ఈ తిండి అయ్యేలోగా తమ్ముడికి చెప్పాల్సిన జవాబు ఉంది. "వచ్చి నా దగ్గరే ఉండిపో అక్కా," అన్నాడు సాద్యా మూడు రోజుల కిందట, "ఇప్పుడే చెప్పకు, నాతో నాలుగు ఊళ్లు తిరుగు, నాలుగు రుచులు చూడు, బస్సెక్కే ముందు చెబుదువు గాని," అన్నాడు. నాలుగు ఊళ్లు తిరిగారు. నాలుగు కాదు, పద్నాలుగు రుచులు చూశారు. రాను అనే మాట మాత్రం ఆమె నాలుక కింద ఇంకా అలాగే ఉంది, చింతగింజలా, మింగనూ లేదు, ఉమ్మనూ లేదు. ఎదురుగా కూర్చున్న సాద్యా మోచేతులు బల్ల మీద ఆనించి, చిన్నప్పటిలాగే కింది పెదవి ముందుకు పెట్టి, కుండకేసి చూస్తున్నాడు. యాభై ఎనిమిదేళ్లొచ్చాయి వీడికి. ఆకలేస్తే మాత్రం ఆరేళ్లే.

ఎంత బాగా తిన్నారు ఈ మూడు రోజులూ. మొదటిరోజు కొండ మీద ద్రూజు తెగవాళ్ల ఊళ్లో ఒక ముసలావిడ పిండి ముద్దని రెండు చేతుల మధ్యా ఎగరేసి ఎగరేసి, పల్చటి గుడ్డలా సాగదీసి, బోర్లించిన మూకుడు మీద పరిచింది, అర నిమిషంలో తీసి గట్టి పెరుగు పూసి, వాము వాసనొచ్చే కొండాకు పొడి చల్లి, ఆలివ్ నూనె ధార కట్టి, మడిచి చేతిలో పెట్టింది, అరచెయ్యి చురుక్కుమంది, నూనె మణికట్టు దాకా కారింది, ఎవరూ చూడట్లేదని రూమియా మణికట్టు నాకేసుకుంది. చూశాడు సాద్యా. "ఇంకోటి చెప్పనా?" అన్నాడు, ఆమె జవాబు వినకుండానే చెప్పేశాడు. రెండోరోజు తిబెరియలో సరస్సు గట్టున నిలువునా వేయించిన చేప, నిమ్మకాయ పిండిన చప్పుడుకే నోట్లో నీళ్లు, వాడు ముళ్లు తీసి తీసి ఆమె పళ్లెంలో పెడుతుంటే, నలభై ఏళ్లు చేపలు తోమిన చేతులు నావి, నాకు ముళ్లు తీయడం రాదనా వీడి ఉద్దేశం, అనుకుంది కానీ ఊరుకుంది, తీయనీ, ఒకసారి ఎవరో ఒకరు తీసి పెట్టనీ. వేడిగా తినడమంటే ఏమిటో ఆమెకి చాలాకాలం తెలియదు. యెమెన్‌లో ఉన్నప్పుడు మగవాళ్లందరూ తిన్నాక, పిల్లలు తిన్నాక, అమ్మా తనూ పొయ్యి పక్కన కూర్చుని, పళ్లెం అంచుల్లో మిగిలింది రొట్టెతో ఊడ్చుకు తినేవాళ్లు. అక్కడి యూదులందరితో పాటు విమానంలో ఈ దేశానికి వచ్చాక బల్లలు వచ్చాయి, కుర్చీలు వచ్చాయి, అందరికీ తలో పళ్లెం వచ్చింది, తను మాత్రం పొయ్యి దగ్గరే నిలబడి ఉండేది, ఇంకో రొట్టె అని ఎవరైనా అంటారేమోనని. జకర్యా మంచివాడు. "నువ్వు కూడా కూర్చోవే," అనేవాడు. అనేవాడు, అంటూనే ఖాళీ గిన్నె చాపేవాడు.

జకర్యా పోయి ఎనిమిదేళ్లు. ఏడ్చింది, నిజంగా ఏడ్చింది, అతని చొక్కా ఒకటి ఇప్పటికీ ఉతకలేదు. కానీ ఆ తర్వాతి సంగతి ఎవరితోనూ చెప్పలేదు, కూతుళ్లిద్దరితోనూ చెప్పలేదు, ఎలా చెబుతుంది? మొగుడు పోయిన మనిషి నేను బాగున్నాను అంటే వినేవాళ్లు ఏమనుకుంటారు? తెల్లవారుజామున లేచి కాఫీ గింజల పొట్టూ అల్లమూ వేసి మరిగించుకున్న కషాయం గ్లాసుతో గుమ్మంలో కూర్చుంటే, ఆ గ్లాసు చివరి గుక్క దాకా వేడిగానే ఉంటుందని, మధ్యలో లేవాల్సిన పని లేదని, ఆలివ్ కాయల సీసా ఒళ్లో పెట్టుకుని మంచం మీదే తింటుందని, గింజలు తీరిగ్గా ఎత్తేసుకుంటుందని, ఒక రోజంతా టమాటా తురుమూ గుడ్డూ తప్ప ఏమీ వండలేదని, ఇంకో రోజు ఒక్కతే తనకోసం ఎముకల పులుసు పొద్దుట్నుంచీ సాయంత్రం దాకా సన్నసెగ మీద పెట్టుకుందని, మెంతులు నానేసి నురుగొచ్చే దాకా గిలక్కొట్టి ఆ పులుసులో వేసుకుని, బల్ల దగ్గర, కుర్చీలో, కూర్చుని తిందని. తాళంచెవి ఒక్కటే, అది తన దగ్గరే. తలుపు వేసుకుంటే ఆ చప్పుడు కూడా తనదే. ఇదంతా సాద్యాకి ఎలా చెప్పడం? వాడి భార్య బద్రా పోయిన చలికాలమే పోయింది. పోయినవాళ్ల గురించి మాట్లాడే గొంతుతో వాడు తన గురించి మాట్లాడుతున్నాడు, "ఒక్కదానివీ ఎలా ఉంటున్నావో, తలుచుకుంటే నాకు ముద్ద దిగదు," అంటున్నాడు. మొన్న వాడి ఇంట్లో గది చూపించాడు. కిటికీ లోంచి కొండలు కనబడతాయి. గోడలకి కొత్తగా నీలం రంగు వేయించాడు, కన్నుదిష్టి తగలకుండా అట, ఇంకా రంగు వాసన పోలేదు.

"ఏం పెద్దాయనా, ఇందులో మాంసం గానీ వెన్న గానీ ఏమీ కలపరుగా?" తల మీద టోపీ సర్దుకుంటూ అడుగుతున్నాడు సాద్యా. ఇంట్లో పద్ధతులన్నీ పాటించే మనిషి, అరబ్బు దుకాణంలో తినబోతూ ఆ మాత్రం అడక్కపోతే రాత్రికి నాన్న కల్లోకి వస్తాడు.

దుకాణం అతన్ని అందరూ అబూ హాతిమ్ అంటున్నారు. గరిటె ఎత్తి పట్టుకుని వీళ్ల బల్లకేసి తిరిగాడు. "శనగలు, నువ్వులు, నిమ్మకాయ, వెల్లుల్లి. మాంసం కావాలంటే నా వేలే తెగిపడాలి. పిన్నీ, నువ్వు చెప్పు, నా మొహం చూస్తే అబద్ధాలాడేవాడిలా ఉన్నానా?"

"పిన్నీ ఏంటయ్యా, నీ గడ్డం నా జుట్టు కంటే తెల్లగా ఉంది," అంది రూమియా.

దుకాణమంతా నవ్వారు. అందరికంటే ముందు అబూ హాతిమ్ నవ్వాడు. వాళ్ల అరబ్బీ వేరు, వీళ్ల యెమెన్ అరబ్బీ వేరు, నవ్వు దగ్గరికి వచ్చేసరికి ఇబ్బంది లేదు. ఆ ఊపులో రూమియా చేతిసంచీ లోంచి తన కారం సీసా తీసింది, పచ్చిమిర్చీ కొత్తిమీరా వెల్లుల్లీ కలిపి రాతి మీద నూరిన కారం, అది లేకుండా గడప దాటదు. అబూ హాతిమ్ ఒక ఉల్లిపాయ రెబ్బతో కాస్త తీసుకుని నాలిక్కి రాసుకున్నాడు, కళ్లు ఎర్రబడ్డాయి, గుండె మీద చెయ్యి వేసుకుని, "పిన్నీ, నీ మొగుడు ధైర్యవంతుడు," అన్నాడు. అవును, ధైర్యవంతుడే, అనుకుంది. చెమటలు కారుతూ తినేవాడు, మంచినీళ్లు అడిగేవాడు కాదు. అడిగితే తను లేవాలని. ఆ సంగతి ఇన్నాళ్లూ ఎందుకు తట్టలేదు తనకి? ఇక్కడ, ఎవరి దుకాణంలోనో, ఎవరి శనగల వాసనలోనో ఇప్పుడు తట్టింది. మంచివాడు జకర్యా. నిన్ను తలుచుకోవడానికి నాకు నీలం గది అక్కర్లేదు, నా ఇల్లు చాలు.

బల్ల మీద పాత దినపత్రిక పరిచి ఉంది. అక్షరాలు ఆమె వైపు తిన్నగా ఉన్నాయి, సాద్యా వైపు తలకిందులు. ఆమె మొదటి వరుసలో రెండో మాట కూడబలుక్కునేలోపు వాడు తలకిందుల నుంచే గడగడా నాలుగు వరుసలు చదివేసి, "ధరలు మళ్లీ పెరిగాయట," అన్నాడు. యెమెన్‌లో వాళ్ల పేటలో పిల్లలందరికీ కలిపి ఒకటే పుస్తకం. మధ్యలో పెట్టి చుట్టూ కూర్చునేవాళ్లు, ఎవడు ఏ వైపు కూర్చుంటే ఆ వైపు నుంచే చదవడం వచ్చేది. సాద్యాది ఎప్పుడూ పుస్తకం తలవైపు. ఆడపిల్లలకి ఏ వైపూ లేదు. తను గోడ అవతల తిరగలి తిప్పుతూ ఆ గోల వినేది, పాట తెలుసు, అక్షరం తెలియదు. తన యాభై నాలుగో ఏట, పచ్చబట్టల సైనిక పిల్ల ఒకతి రోష్ హాయిన్ వచ్చి, పెద్దాడవాళ్లందరినీ పోగేసి నేర్పింది. చుక్కలు పెట్టి నేర్పింది. ఈ హీబ్రూ రాతలో గుణింతమంతా చుక్కలే, కొమ్మైనా ఓత్వమైనా అక్షరం కిందా పైనా చుక్కే. పుస్తకంలో ఉన్నంతసేపు బాగానే ఉంది. వీధిలోకి వస్తే ఎవడూ చుక్కలు పెట్టడు, పత్రికలో లేవు, బస్సు మీద లేవు, దుకాణాల మీద లేవు, తెలిసినవాడికి తెలుస్తుందిలే అని వదిలేస్తారు. తెలియనివాళ్లు ఉంటారని ఎవరికీ గుర్తుండదు. ఆమె ప్రతి మాటనీ మూడు రకాలుగా పలికి చూసుకుంటుంది, ఏది నప్పితే అది.

పళ్లేలు వచ్చాయి. వేడి వేడి హుమ్ముస్, మెత్తగా రుబ్బిన శనగల ముద్ద, గుంట చేసి మధ్యలో విడిశనగలు పోసి, నూనె పోసి, పైన ఎర్రకారం గీత. వీళ్లు దీన్ని తినడం అనరు, తుడవడం అంటారు, రొట్టె ముక్క చుట్టి అంచు నుంచి గుండ్రంగా తుడుచుకుంటూ రావాలి. సాద్యా ఆగలేకపోయాడు, లేచి మూలనున్న పంపు దగ్గరికి వెళ్లి, చెంబుతో రెండు చేతులూ కడుక్కుని, దీవెన చదువుకుని, తడి చేతులు పైకెత్తి పట్టుకుని తిరిగొచ్చాడు. "రొట్టె కంటితో చూశాక కడుక్కోవాల్సింది రా," అంది రూమియా. అప్పటికే ఆలస్యమైంది. చేతులు కడుక్కున్నాక రొట్టె నోట్లో పడేదాకా మాట్లాడకూడదు. అబూ హాతిమ్ రొట్టెల బుట్ట బోర్లించి చూపించి, "అయిపోయాయి బాబూ, పక్క వీధి రొట్టెల బట్టీలోంచి ఇప్పుడే వస్తాయి, ఒక్క ఐదు నిమిషాలు," అన్నాడు. సాద్యా మూసిన నోటితోనే ఏదో మూలిగాడు. కనుబొమలు పైకెళ్లాయి. ఎదురుగా ఆవిర్లు కక్కే పళ్లెం, పక్కన మాట్లాడాలని దురద, రెండు చేతులూ గాల్లో. రూమియాకి నవ్వాగలేదు. ఆమెకి తొందర లేదు. ఉల్లిపాయ రెబ్బని దోసిలిలా పట్టుకుని హుమ్ముస్ తీసుకుంది, రొట్టె లేకపోతే ఆ నియమమూ లేదు. మెత్తగా, వెచ్చగా, పులుపు చివర్లో తగిలింది. కళ్లు మూసుకుంది.

తెరిచేసరికి ఎదురుగోడ మీద చెక్కపలక కనబడింది. సాద్యా వీపు వెనక. పైన నాలుగు హీబ్రూ అక్షరాలు ఎర్రరంగుతో, కింద అరబ్బీలో ఏదో. చుక్కలు లేవు. అలవాటు కొద్దీ కూడబలుక్కుంది, మొదటిది అలెఫ్, దాని పక్కన వావ్, అది ఓ అయినా కావచ్చు, ఊ అయినా కావచ్చు, తర్వాత ఖ, తర్వాత ల. "ఊ... ఊఖల్," అంది పైకే. ఊఖల్. నేను చేయగలను. ఎంత చక్కగా ఉంది, ఒక దుకాణంవాడు గోడ మీద దేవుడి పేరు కాకుండా, ధరలు కాకుండా, నేను చేయగలను అని రాసుకున్నాడు, పొద్దున్నే లేచి ఇంత కుండ ఎత్తేవాడికి ఆ మాట కావాలి కాబోలు. సాద్యా తల అడ్డంగా ఊపుతున్నాడు, వేలితో గాల్లో ఏదో రాస్తున్నాడు, కాదు కాదు అంటున్నాయి వాడి కళ్లు. వాడు ఇప్పుడు మాట్లాడలేడు. ఆ సంగతి ఆమెకి అప్పుడే తట్టింది. చిన్నప్పటి నుంచీ వాడి మాట అడ్డుపడకుండా ఆమె ఒక్క మాట పూర్తి చేసింది లేదు, ఇప్పుడు దేవుడే వాడి నోటికి తాళం వేసి తన ముందు కూర్చోబెట్టాడు, గోడ మీద మాట కూడా రాయించాడు.

"సాద్యా, విను. నేను రాను," అంది.

వాడి చేతులు గాల్లోనే ఆగిపోయాయి.

"కోపం తెచ్చుకోకు. గది బాగుంది, కిటికీ బాగుంది. నువ్వు నన్ను చూసి జాలిపడుతున్నావు రా, ఆ జాలి నాకు పనికిరాదు, పరాయి చెప్పుల్లా ఉంది. నేను ఒక్కదాన్నే ఉండగలను. ఉండగలను కాదు, ఉంటున్నాను, బాగుంటున్నాను. నిలబడి తింటున్నాననుకుంటున్నావు కదూ? ఇప్పుడే నేను కూర్చుని తింటున్నది. యాభై ఏళ్ల తర్వాత. పొద్దున్న ఏమొండాలో నన్ను నేనే అడుగుతాను, నేనే జవాబు చెబుతాను, ఒక్కోసారి ఏమీ వద్దు అని కూడా చెబుతాను. జకర్యా ఉంటే బాగుండేది. లేడు. లేకపోయినా బాగుంది. రెండూ నిజమే, నన్ను ఏం చేయమంటావు?"

చెప్పేసింది. ఇల్లేమీ కూలిపోలేదు, పక్కబల్ల వాళ్లు ఊరగాయ దోసకాయలు కొరుక్కుంటున్నారు, కుండ మూత మళ్లీ లేచింది. సాద్యా ముఖం మాత్రం ఉబ్బిపోయి ఉంది, కళ్లలో నీళ్లో, ఉల్లిపాయ ఘాటో. రొట్టెలు వచ్చాయి, ఉబ్బి, పొగలు కక్కుతూ. వాడు ఒకటి లాక్కుని, దీవెన గబగబా చదివి, ముక్క చింపి నోట్లో కుక్కుకుని, నమలకుండానే అరిచాడు:

"అది ఓఖెల్ అక్కా! ఓఖెల్! తిండి! తిండి హోటల్లో తిండి అని కాక ఇంకేం రాస్తారు!"

ఓఖెల్. తిండి. అవే నాలుగక్షరాలు. కొమ్ము తీసేసి ఓత్వం పెడితే చాలు. రూమియా ఒక్క క్షణం గోడకేసి చూసింది, తర్వాత నవ్వు మొదలైంది, పొట్ట పట్టుకుని, తలగుడ్డ జారిపోయేలా నవ్వింది, అబూ హాతిమ్ ఏమైందని వచ్చాడు, సాద్యా చెప్పాడు, అతనూ నవ్వి, "పిన్నీ, నువ్వు చదివిందే బాగుంది, రేపు రంగేసేవాణ్ణి పిలిచి చుక్కలు పెట్టిస్తాను," అన్నాడు. సాద్యా మాత్రం నవ్వుతూ నవ్వుతూ మధ్యలో ఆగిపోయాడు. రొట్టె ముక్క చేతిలోనే ఉంది. పళ్లెం అంచు నుంచి ఒక్క తుడుపు తుడిచి, అక్కడే వదిలేశాడు.

"రాత్రిళ్లు ఏం తింటున్నావు?" అంది రూమియా. అంతవరకూ అడగాలని ఎందుకు తోచలేదో.

"ఏదో ఒకటి."

"ఏదో ఒకటంటే?"

"మొక్కజొన్న డబ్బా. చేప డబ్బా." గొంతు తగ్గించాడు. "పొయ్యి వెలిగించడం చేతకాక కాదక్కా. బల్ల మీద రెండు పళ్లేలు పెట్టేస్తున్నాను. అలవాటు. పెట్టాక రెండోది తీసి లోపల పెట్టాలంటే చెయ్యి రావట్లేదు. అందుకని బల్ల దగ్గరికే పోవట్లేదు. డబ్బా లోంచే, నిలబడి తినేస్తున్నా."

ఓరి నీ ఇల్లు బంగారం కాను. నిలబడి తింటున్నది వీడన్నమాట. నన్ను చూసి ముద్ద దిగదన్నది, వీడికే ముద్ద దిగక. మూడు రోజులు ద్రూజుల రొట్టె అనీ, తిబెరియ చేప అనీ తిప్పాడు, నాకు పెట్టడానికి అనుకున్నాను, నా ఎదురుగా కూర్చుని తినడానికి తిప్పాడు. వస్తాలేరా, అనే మాట గొంతులోకి వచ్చేసింది, ఎంత తేలిగ్గా వస్తుంది ఆ మాట, పుట్టినప్పటి నుంచీ వస్తూనే ఉంది, చేస్తాలే, పెడతాలే, లేస్తాలే, వస్తాలే, దానికి కూడబలుక్కోవడం కూడా అక్కర్లేదు. నీలం గదిలో మంచం వేసుకుని, పొద్దున్నే లేచి వీడికి గ్లాసు, వీడికి పళ్లెం, వీడు సంతోషంగా తింటాడు, మంచివాడే, నువ్వు కూడా కూర్చో అక్కా అంటాడు, అంటూనే గిన్నె చాపుతాడు. అంతే, ఇంకో ఇరవై ఏళ్లు. పాపం వీడు. పాపం నా గుమ్మం, నా గ్లాసు. ఉల్లిపాయ రెబ్బ నిండా తన కారమే ముంచుకుని నోట్లో పెట్టేసుకుంది, ఆ మాట బయటికి రాకుండా. మంట చెవుల దాకా ఎక్కింది. ముక్కు కారింది. మాట కాలిపోయింది.

"నీకు జహ్నూన్ పిండి కలపడం వచ్చా రా?" అంది ముక్కు తుడుచుకుంటూ.

"నాకా? జహ్నూనా?" శనివారం పొద్దున తినే జహ్నూన్ అంటే, ముందురోజే పిండి సాగదీసి, వెన్న రాసి, చుట్టలు చుట్టి, రాత్రంతా సన్నసెగ మీద వదిలేసేది. వాళ్లింట్లో మగాడెవడూ ఆ పిండిని ముట్టుకున్న పాపాన పోలేదు. "నాన్న సమాధిలో లేచి కూర్చుంటాడు."

"కూర్చుంటే ఆయనకీ ఒకటి పెడదాం. గురువారం సాయంత్రం బస్సుకి మా ఇంటికి రా. శుక్రవారం నీచేత కలిపిస్తా, సాగదీయిస్తా, చుట్టిస్తా. శనివారం ఇద్దరం కూర్చుని తిందాం. ప్రతి వారం రా. పిండి వచ్చాక పులుసు, పులుసు వచ్చాక మెంతులు. ఆదివారం పొద్దున్నే నీ ఇంటికి వెళ్లిపోవాలి."

"వెళ్లిపోవాలా?"

"వెళ్లిపోవాలి. అది నా ఇల్లు."

సాద్యా రొట్టె ముక్క మళ్లీ తీసుకుని, పళ్లెం అంచు నుంచి గుండ్రంగా, నెమ్మదిగా తుడవడం మొదలుపెట్టాడు, నూనె మరక కూడా మిగలకుండా. "జీలకర్ర కొంచెం ఎక్కువైంది," అన్నాడు. "ఒక చిటికెడు," అంది రూమియా. ఇద్దరూ ఇంకో పళ్లెం చెప్పారు. అబూ హాతిమ్ కుండ ఒంచి, అడుగున మిగిలిందంతా వీళ్లకే ఊడ్చి పోసి, తలుపు సగం మూసేశాడు.

బస్సు దగ్గర వాడు సంచీ ఎత్తి ఇచ్చాడు. గది మాట ఎత్తలేదు. ఆమె కిటికీ పక్కన కూర్చుంది, సముద్రం గాలి ఉప్పగా ముఖానికి కొడుతోంది, వేళ్లకి ఇంకా వెల్లుల్లి వాసన, పొట్ట బరువుగా, హాయిగా ఉంది. బస్సు కదలబోతుంటే సాద్యా కిటికీ అద్దం మీద దబదబా కొట్టాడు.

"అక్కా! పిండికి నీళ్లెన్ని?"

"చేతికి అంటుకోనన్ని!"

"అంటే ఎన్ని గ్లాసులు?"

ఎన్ని గ్లాసులు? యాభై ఏళ్లుగా కలుపుతోంది, గ్లాసుతో ఎప్పుడైనా కొలిచిందా? అరచెయ్యి తెరిచి చూసుకుంది, అక్కడ రాసి ఉంటుందేమోనన్నట్టు. బస్సు కదిలింది. "వచ్చి నీ చేత్తో చూసుకోరా!" అని అరిచింది. వాడు బస్సు పక్కనే నాలుగడుగులు నడిచి, ఆగి, ఆ మాట రాసుకుందామని కాబోలు, జేబులన్నీ తడుముకుంటూ కలం వెతుక్కుంటున్నాడు. మలుపు తిరిగేదాకా వెతుక్కుంటూనే ఉన్నాడు. పక్కసీటు ఖాళీగా ఉంది. రూమియా సంచీ అందులో పెట్టి, చెప్పులు విడిచి, కాళ్లు చాపుకుంది.